తంగేడాకు వెండి

కమలవ్వ ఏడవగా నేను చూసింది ఒక్కసారే. అది కూతురు పోయిన రోజు కాదు.

ఎల్లారెడ్డి పక్కన మా ఊళ్లో మా రెండిళ్లకూ గోడ ఒకటే. మగడు పోయాక కమలవ్వ సేద్యం తానే చేసి, కూతురు పల్లవిని కామారెడ్డిలో పెద్ద చదువుకు పంపింది. నేను రెండో తరగతిలో పలక పగలగొట్టి వచ్చేసినదాన్ని. అయినా ఊళ్లో నన్ను మాటల్లో గెలిచినవాళ్లు లేరు, ఆ పల్లవి తప్ప.

రెండువేల పన్నెండులో కమలవ్వ పొలం గట్టున తంగేడాకు దూసి, కడిగి, నీడన ఆరబెట్టి మూట కట్టేది.

"ఎవలికి కడుపునొప్పి?" అన్నాను.

"వెండి చేస్తదట," అంది కూతురిని చూపి.

"ఆకు ఉడకబెడితే కషాయమైతది గని వెండెట్లయితది?"

పల్లవి నవ్వింది. "వెండి ఉప్పు కలిపిన నీళ్లల్ల ఆకురసం పోస్తే వెండి బయటపడ్తది అవ్వా. కంటికి కానరానంత సన్నగుంటది."

"గట్లయితే కడియాలు చేయించుకో. దొంగల భయముండదు."

"కుదిరినంక సీసాల తెచ్చి మా అమ్మకే చూపిస్త. నీకు చూపియ్య."

ఒకనాడు అన్నట్టే తెస్తూ ఉంది. దారిలో ఆమె ఎక్కిన ఆటోను లారీ గుద్దింది. పిల్ల దక్కలేదు, సంచి దక్కింది.

చావు జరిగిన ఇంట్లో నిలవ నీళ్లు ఉంచరు. దహనం అయ్యాక బిందెలు, కుండలు అన్నీ ఒంపి బోర్లించాం. సంచిలో చున్నీలో చుట్టిన చిన్న సీసా దొరికింది. లోపల ఇటుకరంగు నీళ్లు. కమలవ్వ కంటికి అది పాచిపోయిన కషాయం. పెరట్లో పారబోసింది. బిడ్డ సీసా కదా అని బూడిదతో తళతళా తోమి పటం పక్కన పెట్టింది.

పదో రోజున పల్లవితో చదివిన కళ వచ్చింది. సీసా చూసి నిలబడిపోయింది.

"అమ్మా, దీంట్ల నీళ్లేవి?"

"మురికి నీళ్లు బిడ్డా. పారబోసిన."

ఆ నిజం కళ దాచి ఉంటే బాగుండేది. చిన్నపిల్ల, దాచలేకపోయింది.

"ఆ రంగే వెండి అమ్మా. మస్తు సార్లు చెడిపోయి, గదొక్కటే కుదిరింది. నీకు చూపిస్తనని తెచ్చింది."

అప్పుడు ఏడ్చింది కమలవ్వ. పెరట్లోకి పోయి, ఆ నేల మీద అరచేయి ఆనించి కూలబడింది. నేను పోయి పక్కన కూర్చున్నాను.

నేల మీది చేయి తీయకుండానే అడిగింది. "కానరానంత సన్నగుంటదన్నది గదా అక్కా. ఈడ్నే ఉంటదా?"

"ఉంటది," అన్నాను.

ఆ జానెడు జాగాను ఆమె ఇప్పటికీ ఊడవనీయదు. కోళ్లు గెలకడానికి వస్తే గోడ ఇవతలి నుంచి నేనే అదిలిస్తాను.