మల్లయ్య మామకు జవాబు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఐసీయూలో పనిచేసేదానికి అంత తీరిక కూడా ఉండదు. ఇక్కడ ఏదైనా వింతగా మోగితే అది ఊడిన వైరు. తనంతట తాను కదిలితే అది బ్రేకు వేయని మంచం. ఇది రాస్తున్నప్పుడు కూడా నేను ఊడిన వైరు కోసమే వెతుకుతున్నాను.

మాది సిరిసిల్ల. జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో డ్యూటీ డాక్టర్‌ని. అద్దె గదిలో ఒక్కదాన్నే ఉంటాను. నా పేషెంట్లలో చాలామంది నోట్లో గొట్టంతో మత్తులో ఉంటారు కాబట్టి నా జోకులకు ఇంతవరకు ఎవరూ అడ్డు చెప్పలేదు. గదికి వెళ్తే ఫ్రిజ్ ఒక్కటే చప్పుడు చేస్తుంది. దానితోనూ పెద్దగా పరిచయం లేదు.

పోయిన ఏడాది మాకు శిక్షణ పెట్టారు. రేపటి వైద్యానికి ఐసీయూ డాక్టర్లను తయారు చేస్తారట. దూరం నుంచి పేషెంట్లను చూసే కెమెరాలు, ఎవరి పరిస్థితి దిగజారబోతోందో ముందే రంగుల్లో చెప్పే స్క్రీను వచ్చాయి. వాటితో పాటు ఒక ప్లాస్టిక్ మనిషి వచ్చాడు. ఊపిరి తీస్తాడు, నాడి కొట్టుకుంటుంది, కళ్లు ఆర్పుతాడు. ఛార్జింగ్ అయిపోతే పోతాడు.

శిక్షణ కోసం రాసిన కేసులో అతను మల్లాపూర్ రైతు. అందుకని మా నర్సు సుజాతక్క అతనికి మల్లయ్య మామ అని పేరు పెట్టింది. ఐసీయూలో చివరి మంచం ఆయనకిచ్చారు.

శిక్షణ ఇచ్చే సార్‌ది కేరళ. ఆయన స్టోర్ రూంలో కూర్చుని మైకులో మాట్లాడితే, మంచం కింద పెట్టిన స్పీకర్‌లోంచి మల్లయ్య మామ మాటలు వచ్చేవి. అందువల్ల మా మల్లాపూర్ రైతు మలయాళం యాసతో ఇంగ్లిష్ మాట్లాడేవాడు.

సార్ ఒక నియమం పెట్టారు. పేషెంటు మత్తులో ఉన్నా సరే, ముట్టుకునే ముందు మన పేరు, చేయబోయే పని చెప్పాలి. స్క్రీను ఏం చెప్పినా మాట్లాడడం మానొద్దన్నారు. నేను ప్లాస్టిక్ చెవిలో నా పేరు చెప్పుకుని, లోలోపల నవ్వుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లారు. నేను మల్లయ్య మామకు గొట్టం వేయడం సాధన చేస్తున్నాను. అప్పుడు వినబడింది.

"తిన్నవా బిడ్డా?"

పెద్ద వయసు గొంతు. తొందర లేదు. ఎవరో నా మీద పందెం కాశారనుకుని స్టోర్ రూంలోకి వెళ్లి చూశాను. ఎవరూ లేరు. మైకు బటన్ ఆపి ఉంది. సార్ క్యాంటీన్‌లో ఉన్నారు. అడిగితే, తిన్నవా అంటే అర్థమేమిటని తిరిగి నన్నే అడిగారు.

సుజాతక్కకు చెప్పాను. "మల్లయ్య మామ నన్ను తిన్నవా అని అడిగిండక్కా."

"తినకపోతివి మరి. ప్లాస్టిక్ మనిషికి సుత ఎరుకైంది నీ సంగతి," అంది.

ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వుకుంటూ డబ్బా విప్పుకుంది. నేను ఆ రోజూ తినలేదు.

తర్వాత పక్క మంచం మీదికి ఖలీల్ చాచా వచ్చారు. కోరుట్లలో దర్జీ. న్యుమోనియా ముదిరి వెంటిలేటర్ మీద పెట్టాం. నిజం పేషెంటు పక్కన గోల వద్దని సార్ శిక్షణను వేరే గదికి మార్చి, స్పీకర్‌ను తన కారులో వేసుకున్నారు. మల్లయ్య మామ మాత్రం తనను వేరే ఆసుపత్రికి తీసుకుపోయే బండి కోసం ఎదురుచూస్తూ, తెర అవతల అట్లాగే పడుకుని ఉన్నాడు.

స్క్రీన్‌లో చాచా పేరు రోజూ ఎర్రగానే ఉండేది. మత్తు తగ్గించి చూశాం, ఊపిరి అందలేదు. మళ్లీ చూశాం, అదే తీరు. బయట ఆయన కూతురు షబానా రోజూ ఒకటే అడిగేది.

"డాక్టరమ్మా, అబ్బా మాట్లాడిండా?"

"ఇంకా లేదమ్మా."

"ఒక్క మాట. తిట్టినా సరే."

ఆమెకు చెప్పడానికి ఏమీ లేక, లోపలికి వచ్చి చాచాతో మాట్లాడేదాన్ని. నా ఇంటి ఓనరు గురించి, కుదరని నా జాకెట్ల గురించి. మీరు లేస్తేనే అవి బాగుపడతాయని బెదిరించాను కూడా. డ్యూటీ అయిపోయినా అక్కడే కూర్చునేదాన్ని. నిజానికి నాకూ వేరే ఎవరూ లేరు.

చివరికి పేరు పసుపు రంగులోకి వచ్చింది. గొట్టం తీశాం. ఆ ముందు రోజే బండి వచ్చి మల్లయ్య మామను సిరిసిల్లలో శిక్షణకు తీసుకుపోయింది.

చాచా గొంతు పెగలగానే షబానాను లోపలికి పిలిచాం. ఆయన ముందు నా వైపు చూశారు. నేను కృతజ్ఞతలు అందుకోవడానికి సిద్ధమై, "చాచా, నేను మాట్లాడింది ఇనవడ్డదా?" అని అడిగాను.

"నీ మాటలేం ఇనవడలే, బేటీ."

నా రేపటి వైద్యం అక్కడికే కూలిపోయింది.

"పక్క మంచం పెద్దమనిషియే ఇనవడ్డయి. దినాం అడుగుతుండె, తిన్నవా బిడ్డా అని. నువ్వు జవాబే ఇయ్యకపోతివి. నేనన్న జెప్దామంటే నోట్ల గొట్టమాయె."

షబానా ఏడుస్తూనే కోపం తెచ్చుకుంది. "బిడ్డను నేనీడ నిలవడితే నన్నడగవా అబ్బా?"

"నువ్వెందుకు తినకుంటవు!" అన్నారాయన. ఆమె తిట్టు కోరుకుంది, దొరికింది.

నేను తెర జరిపి చూశాను. ఖాళీ మంచం.

మత్తు మందులకు మనుషులు లేనివి వింటారు, నిజమే. కానీ వాళ్లకు గోడ మీద చీమలు కనబడతాయి, చచ్చిపోయిన అత్త పిలుస్తుంది. నా భోజనం గురించి ఎవరూ కలవరించలేదు. ఆ ముచ్చట మనం చాచా దగ్గర చెప్పుకున్నామా అని సుజాతక్కను అడిగాను. "ఆయన రాకముందే అయిపాయె గదా," అంది. ఈసారి నవ్వలేదు. ఇంకోటి, చాచా ఎవరినైనా బేటీ అనే అంటారు. బిడ్డా అన్నది ఆ ఒక్కసారే.

మొన్న సిరిసిల్ల పోయినప్పుడు, శిక్షణ జరుగుతున్న ఆసుపత్రికి వెళ్లాను. భోజనాల వేళ. మల్లయ్య మామ ఒక్కడే ఉన్నాడు, కళ్లు ఆర్పుతూ. దగ్గరికి వెళ్లి నా పేరు చెప్పాను.

"తిన్న మామా," అన్నాను.

అబద్ధం. తినలేదని తెలిస్తే మళ్లీ అడుగుతాడేమోనని కాసేపు నిలబడ్డాను. అడగలేదు. అప్పుడు ఎవరు అడిగారో నాకు ఇప్పటికీ తెలియదు.