మొక్కు బెల్లం

మా అత్తకు బాల్వాడి మీద కోపమేమీ లేదు. అక్కడి కాటా మీదే ఆమె కోపమంతా.

ఎనభైల చివర్లో, కోస్గి దగ్గరి మా ఊళ్లో, సర్కారు బాల్వాడి ఒక కిరాయి ఇంటి వసారాలో నడిచేది. కడుపుతో ఉన్నవాళ్లకు, బాలింతలకు, చిన్నపిల్లలకు అక్కడ మక్కజొన్నలూ సోయా కలిపిన పసుప్పచ్చటి పిండి వండి పెట్టేవారు. రోజూ పొద్దున గిన్నె పట్టుకుని, ఏడాది దాటిన నా బిడ్డను చంకనేసుకుని పోయేదాన్ని. వానల్లేక, చేలో పనిలేక, మా ఇంటాయన మేస్త్రి వెంట వలసపోయిన కాలం అది. ఇంట్లో నేను, అత్త, బిడ్డ. ఆ పిండి వాసన ఇంటికొచ్చాక కూడా నా కొంగును వదిలేది కాదు. నాకది ఇష్టంగానే ఉండేది. ఆకలితో ఉన్నవాళ్లకు రుచి గురించి పంచాయితీ పెట్టే తీరికెక్కడిది?

బిడ్డ మాత్రం మరీ బక్కగా ఉండేది. తోటి పిల్లలు నడుస్తుంటే అది కూర్చున్న చోటనే కూర్చుని చూసేది. ఓ రోజు టీచరమ్మ దాని జబ్బ పట్టి చూసింది.

"దీనికి రెండింతల పిండి రావాలె. కాని జోకకుండ నేను ఇయ్యలేను. పైనోళ్లు అడుగుతరు."

జోకడమంటే పెద్ద పనేమీ కాదు. దూలానికి కాటా వేలాడుతుంటుంది. దాని కొక్కేనికి తగిలించిన గుడ్డ సంచిలో పిల్ల కాళ్లు దూర్చి వదిలితే ముల్లు తిరుగుతుంది. ఆ పాటి పనికే అత్త అడ్డం పడింది.

బిడ్డ నెలల పిల్లగా ఉన్నప్పుడు విరేచనాలు పట్టి కండ్లు తేలేసింది. పిల్ల బతికితే దాని ఎత్తు బెల్లం జోకి పంచుతానని అప్పుడు అత్త గుట్ట మీది దర్గాకు మొక్కింది. ఆ మొక్కు తీరకముందే పిల్లను వేరే తూకం ఎక్కిస్తే దర్గాలోని పెద్దాయనకు ఎగనామం పెట్టినట్టేనని ఆమె పట్టు. "ముందుగాల ఆయన. ఎన్కనే సర్కారు" అనేది.

ఆ బెల్లం కోసం కూలికి పోయి, వీలైనప్పుడల్లా కోస్గి అంగడిలో ఓ గడ్డ కొని, కుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి ఉట్టి మీద పెట్టేది. కుండను ఎవరూ ముట్టకూడదు. బిడ్డ అటు చెయ్యి చాపి ఏడ్చినా ఓ బెల్లం పలుకు రాల్చేది కాదు. "చాల్తదా అత్తా?" అని అడిగితే, "యాడ చాల్తది? పిల్లంటే ఏమనుకున్నవ్?" అని నన్నే కసిరేది. ఇంట్లో బెల్లం పెట్టుకుని బిడ్డకు ఉత్త గంజి తాగిస్తుంటే నాకు ఒళ్లు మండేది. ఆ పెద్దాయన మీద కూడా మండేది. ఇప్పుడు చెప్పుకుంటే తప్పేముంది?

ఎండలు ముదిరాక బిడ్డకు మళ్లీ కడుపు చెడింది. తగ్గిందే కానీ, ఎత్తుకుంటే చేతుల్లో ఏమీ లేనట్టే ఉంది. టీచరమ్మ ఇంటికే వచ్చి చూసి, "ఇంకోసారి గిట్లయితే పిల్ల దక్కదు" అని మొహం మీదే చెప్పి పోయింది. భయం కన్నా ముందు నాకు కోపం వచ్చింది. ఉట్టి మీది కుండ దించి అత్త ముందు పెట్టాను.

"ఉన్నంత తీస్కొని రేపే పోదం. తక్కువ పడితే ఆ పాపం నాకే తగలనీ."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కుండను ఒళ్లోకి లాక్కుని కూర్చుంది.

మరునాడు పొద్దున్నే దర్గా అరుగు మీద, అక్కడి సేవ చూసుకునే ముజావర్ తాత పెద్ద తరాజు కట్టాడు. ఒక పళ్లెంలో బిడ్డను కూర్చోబెట్టాం. రెండో దాంట్లో అత్త గడ్డలు పెట్టసాగింది, చాలవేమోనని భయపడుతూ, ఒక్కొక్కటిగా. కుండ సగం కూడా ఖాళీ కాలేదు. బిడ్డ ఉన్న పళ్లెం పైకి లేచింది.

అత్త చేతిలోని గడ్డ చేతిలోనే ఉండిపోయింది. తరాజు చెడిందేమోనని తాతను అడిగింది. ఆయన రెండు పళ్లాలూ ఖాళీ చేసి చూపించాడు. సరిగ్గానే నిలిచాయి. మళ్లీ బిడ్డను, మళ్లీ బెల్లాన్ని పెట్టారు. మళ్లీ అంతే.

"గింతేనా నా పిల్ల?" అంది అత్త. "గింత బెల్లానికా నేను ఇన్ని దినాలు ఆగింది?"

అక్కడే కూలబడి ఏడ్చింది. ఆమె మీద గెలవాలని గుట్ట ఎక్కినదాన్ని నేను. ఆమె తలను నా కడుపుకు అదుముకుని నేనూ ఏడ్చాను.

తాత తూగిన బెల్లాన్ని పక్కకు తీసి, మిగిలిన కుండను అత్త ముందుకు జరిపాడు. "ఇది ఆయనది కాదు చెల్లే. పిల్లది. తినవెట్టు."

గుట్ట దిగి అత్త ఇంటికి రాలేదు. బిడ్డనెత్తుకుని నేరుగా బాల్వాడికి నడిచి, "జోకు టీచరమ్మా" అని తన చేతులతోనే సంచిలో దాని కాళ్లు దూర్చింది. అప్పటి నుంచి రెండింతల పిండి వచ్చేది. అత్త అందులో బెల్లం చిదిమి కలిపేది. బిడ్డ తినేదాకా పక్కనే కాపలా. ఇంతకు ముందు కాటా అంటే పడని మనిషికి ఇప్పుడు కాటా పిచ్చి పట్టుకుంది. జోకే రోజున అందరికన్నా ముందు పోయి కూర్చునేది. ముల్లు కాస్త కదిలితే చాలు, వాడకట్టంతా చెప్పి వచ్చేది.

మరుసటి ఏడు, ఏ మొక్కూ లేకుండానే, అత్త దుకాణం నుంచి తరాజు అడిగి తెచ్చి మా వాకిట్లో కట్టించింది. బిడ్డ తనే నడిచొచ్చి పళ్లెంలో కూర్చుంది. అత్త మళ్లీ కొని నింపుకున్న కుండలోంచి గడ్డలు తీసి రెండో పళ్లెంలో పెట్టింది. బిడ్డ పళ్లెం నేల విడవలేదు.

"చాల్తలేదు" అంది. ఆ మొహం చూసి తీరాలి. "చూస్తున్నవా? చాల్తలేదు!"

కుండ మూతికి గుడ్డ కట్టి నా పక్కన పెట్టింది. పస్తున్నా పొరుగింట్లో చిటికెడు ఉప్పు అడగని మనిషి, కొంగు నడుముకు దోపుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. "జర బెల్లముంటే ఇయ్యుండ్రి. నా మనవరాలికి చాల్తలేదు." ఆ గొంతు అవతలి వాడ దాకా వినిపించింది.

కుండ బరువుగానే ఉంది. అడుగున ఇంకో పెద్ద గడ్డ ఉన్న సంగతి నాకు తెలుసు. గుడ్డ కట్టిన ఆమెకూ తెలుసు. బిడ్డను పళ్లెంలోనే పట్టుకుని, ఆమె ఊరంతా తిరిగి వచ్చేదాకా కూర్చున్నాను.