తూము దుకాణం

మొన్న ఒకనాడు మా కోడలు, ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు, కాస్త నడిచినట్టు ఉంటుంది రమ్మని నన్ను సూపర్ మార్కెట్‌కు వెంటబెట్టుకొని వెళ్ళింది. ముప్పై ఏళ్ళ పైచిలుకు సొంతంగా కిరాణా దుకాణం నడిపినవాణ్ణి, ఇంకొకరి దుకాణంలో చక్రాల బుట్ట తోసుకుంటూ తిరగడం నాకు ఇప్పటికీ నామోషీగానే ఉంటుంది. అయినా కోడలి మాట తీసెయ్యలేకపోయాను. బిల్లు కట్టే చోట నేలమీద పసుపుపచ్చని పాదాల బొమ్మలున్నాయి. కరోనా నాడు అంటించినవి, గీరుకుపోయి ఒకదానికి మడమ, ఇంకోదానికి వేళ్ళు మాత్రమే మిగిలాయి. వాటిని ఎవరూ చూడటం లేదు. నేను మాత్రం నాకు తెలియకుండానే వాటిమీద రెండు కాళ్ళూ సరిగ్గా ఆనించి, ముందున్నామె జరిగినా నేను జరగకుండా, ఆ తర్వాతి బొమ్మ ఖాళీ అయ్యేదాకా ఎదురుచూస్తూ నిలబడిపోయాను. వెనక నుంచి ఎవరో నడవమని అనేదాకా నాకు స్పృహ లేదు. నా ఈడువాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ రెండేళ్ళు మన కాళ్ళలో నుంచి ఇంకా పోలేదు.

మా దుకాణం టౌనులో కంఠేశ్వర్ సందుల్లో ఒకదానిలో ఉండేది. ముందు గది దుకాణం, మధ్యలో ఒక తెర, తెర వెనక మా కాపురం. గల్లా దగ్గర నేను, బియ్యమూ పప్పులూ తూచే చోట నా భార్య. జనం మీదమీద పడేవారు. ఒకరి భుజం మీదుగా ఇంకొకరు చేయి చాపి, ఆ చింతపండు కొత్తదేనా అనీ, ఈ శనగపప్పు పుచ్చిందా అనీ, రెండు పలుకులు నోట్లో వేసుకొని కొరికి చూసిన తర్వాత గానీ బేరం మొదలుపెట్టేవారు కాదు. పండుగల ముందు రోజుల్లో నాకు గాలి ఆడేది కాదు, విసుక్కునేవాణ్ణి కూడా. ఆ విసుగు గుర్తొస్తే ఇప్పుడు నన్ను నేనే తిట్టుకుంటాను.

దుకాణం మెట్టు మీద, ఎండ పడని మూలన, ఒక అవ్వ కూర్చునేది. మాక్లూర్ దగ్గరి పల్లె ఆమెది. పెనిమిటి పోయాక టౌనుకు వచ్చి మా వెనక గల్లీలో ఒంటరిగా ఉంటూ బీడీలు చుట్టి బతికేది. ఒళ్ళో చాట పెట్టుకొని, ఆకు కత్తిరిస్తూ, దారం చుడుతూ, పొద్దుగూకేదాకా నా భార్యతో కబుర్లు చెప్పేది. ఇద్దరూ ఒకే గిన్నెలోంచి చాయ్ వంచుకొని తాగేవారు. ఆమె ఏ కులమో మాకు తెలుసు. తెలిసినా టౌనులో దాని ఊసు ఎత్తేవాళ్ళు లేరు, నా భార్య అయితే ఎత్తనిచ్చేది కూడా కాదు. నా భార్యను బిడ్డా అనీ నన్ను కొడుకా అనీ పిలిచేది అవ్వ. మా అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది, అందుకని ఆ పిలుపు నాకు ఎంతో హాయిగా ఉండేది. పైకి ఎప్పుడూ చెప్పలేదు.

ఇంతలో ఆ మాయదారి రోగం వచ్చింది. నా భార్యకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. చలికాలం వస్తే మందు పీల్చే పంపు దిండు కింద ఉండాల్సిందే. మా డాక్టరు ఫోనులో ఒకే మాట చెప్పాడు, ఆమెకు ఇది సోకితే ఇక మన చేతుల్లో ఉండదని. ఆ మాట విన్న గడియ నుంచి నేను మనిషిని కాదు. ఆమెను తెర వెనక గదిలో ఉంచి, నేను దుకాణంలో బియ్యం బస్తాల మీద పడుకున్నాను. సబ్బుతో కడిగి కడిగి నా చేతులు పగిలాయి. దుకాణానికి వచ్చే ప్రతి మనిషీ ఆమె ప్రాణం తీయడానికే వస్తున్నట్టు కనపడేవాడు. దగ్గినవాడి మీద కసిరేవాణ్ణి, తుమ్మినవాణ్ణి తిట్టేవాణ్ణి. మూసేద్దామని రెండు రోజులు మూశాను కూడా. అయితే బీడీ పని ఆగి, ఆటోలు ఆగి, గల్లీలో ఎవరింట్లోనూ వారానికి సరిపడా తిండిగింజలు లేవు. తలుపు మీద కొడుతూనే ఉన్నారు. మూడో రోజు తెరవక తప్పలేదు.

దుకాణాల ముందు గుండ్రాలు గీసి వాటిలో జనాన్ని నిలబెట్టాలన్నారు. బజారులో సున్నం దొరకలేదు. ఇంట్లో ఉన్న ముగ్గుపిండితో పొద్దున్నే లేచి నేనే గీశాను, కొలతపెట్టి మరీ గీశాను. వచ్చిన ఆడవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు గుండ్రంలో కాలు పెట్టలేదు. గుండ్రాల మధ్య మిగిలిన కొద్దిపాటి జాగాలో ఒకరినొకరు ఆనుకొని, ఇరుక్కొని నిలబడ్డారు. లోపల నిలబడండి, లోపల నిలబడండి అని నేను మొత్తుకుంటుంటే ఒక పెద్దామె నా వైపు వింతగా చూసి, ‘‘గది ముగ్గు గద, ఎట్ల తొక్కుతం?’’ అన్నది. నిజమే, ముగ్గు తొక్కే ఆడది మా వైపు ఎక్కడుంది? ఇంకో రోజైతే నవ్వి ఉండేవాణ్ణి. ఆ రోజు బస్తా మీద కూలబడి తల పట్టుకున్నాను. మర్నాడు గోనెసంచులు చింపి దూరదూరంగా పరిచి, వాటిమీద నిలబడమన్నాను.

అప్పటికీ నాకు ధైర్యం చాలలేదు. సరుకు అందుకునేటప్పుడు చేతికి చేయి తగులుతుంది కదా. ఎదురింటివాళ్ళు బోరు వేయించినప్పుడు మిగిలిన లావుపాటి పైపు ముక్క ఒకటి అడిగి తెచ్చుకొని, కిటికీ ఊచలు రెండు తీయించి, బల్ల మీద నుంచి వీధిలోకి వాలుగా బిగించాను. పొట్లం పైన వేస్తే జారుకుంటూ పోయి అవతల పట్టుకున్న సంచిలో పడుతుంది. నిజాంసాగర్ కాలువ కింద పొలాలు చేసిన జిల్లా మాది, కాలువలో నుంచి మడికి నీళ్ళు వదిలే తూము అందరికీ తెలుసు. గల్లీవాళ్ళు నా పైపుకు తూము అని పేరు పెట్టారు, వారం తిరిగేసరికి మాది తూము దుకాణమైంది. పక్క సందులో మందుల దుకాణం అతను కూడా వచ్చి చూసి మెచ్చుకొని పోయాడు. నా తెలివికి నాకే గొప్పగా అనిపించింది. ఇక నా భార్యకు ఏమీ కాదనుకున్నాను.

అవ్వ వచ్చింది ఆ తర్వాతనే. ముఖానికి తువ్వాల చుట్టుకొని ఉంది. పొద్దున్నుంచి అందరికీ చెప్పి చెప్పి బొంగురుపోయిన గొంతుతో, వచ్చింది ఎవరో కూడా సరిగ్గా చూడకుండా, దూరం దూరం అని చేయి ఊపాను. ఆ మాటకు మిగతావాళ్ళు నవ్వేవారు, సణిగేవారు, ఒక అడుగు వెనక్కి వేసేవారు. అవ్వ గోనెపట్టా దాటి, దారి దాటి, మురుగునీళ్ళ మోరీ దాకా వెనక్కి పోయి అక్కడ గొంతుక్కూర్చుంది. నూకలు పొట్లం కట్టి పిలిచాను. లేచి వచ్చింది. సంచి తీయలేదు. పైపు కింద మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచుకొని, కొంగు రెండు చేతులతో పరిచి పట్టుకొని, ‘‘పైకెల్లి ఎయ్యి పటేలా’’ అన్నది.

ఆ కూర్చోవడం, ఆ కొంగు పరచడం, ఆ పిలుపు, మూడూ నేను ఎక్కడ చూశానో, విన్నానో నాకు వెంటనే తెలిసింది. మా ఊరు బోధన్ పక్కన. చెరుకు ఫ్యాక్టరీ కూత వినే మా అమ్మ పొయ్యి ముట్టించేది. బడి నుంచి వస్తూ చెరుకు బండ్ల వెనక పరుగెత్తి, గడ ఒకటి లాక్కొని, బండివాడు కొరడా ఝళిపించేలోపు పొలాల్లో పడి మాయమయ్యేవాళ్ళం. పెదవుల చివరలు కోసుకుపోయేదాకా నమిలేవాళ్ళం. బాపు, అంటే మా నాన్న, సేద్యం చేస్తూనే ఇంటి అరుగు మీద చిన్న దుకాణం పెట్టాడు. ఊరంతా ఆయనను పటేలా అనేది. కొందరు అరుగు ఎక్కి కూర్చునేవారు, కొందరు అరుగు కింద నిలబడేవారు, ఇంకా కొందరు వాకిలి అవతల కూర్చుని, పిలిచినప్పుడు వచ్చి కొంగు పరిచేవారు. వాళ్ళకు ఉప్పయినా పప్పయినా చేయి తగలకుండా పైనుంచి వేయాలి. ఆ పని నాది. గింజ కింద పడకుండా వేసేవాణ్ణి, నా చేయి కుదురైనదని బాపు నలుగురిలో చెప్పేవాడు. దాచడం ఎందుకు, ఆ మాటకు పొంగిపోయేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఆ జ్ఞాపకం నన్ను ఒక్కనాడు కూడా బాధపెట్టలేదు. చెరుకు గడలతో పాటు అదీ తియ్యగానే ఉండిపోయింది.

ఇప్పుడు అవ్వ నా ముందు అలా కూర్చుంది. అవ్వా లే, ఇదేం పని, అని అనాలి. తూము అవతలికి పోయి ఆమెను లేపాలి. సరిగ్గా అప్పుడే తెర వెనక నా భార్య దగ్గింది. నేను పొట్లం వదిలాను. అది జారి కొంగులో పడింది. అవ్వ మూట కట్టుకొని, నా వైపు చూడకుండానే లేచి వెళ్ళింది.

తెర సందులోంచి నా భార్య అంతా చూసింది.

‘‘గామె నిన్నేమని పిలిచింది?’’ అని అడిగింది.

ఏమీ అనలేదన్నాను.

‘‘పటేలా అన్నది. నేనిన్న. గా తూము తీసెయ్యి.’’

తీస్తే నువ్వు బతకవని అరిచాను. మా కాపురంలో ఆమె మీద అంత గొంతెత్తింది అదే మొదలు. నువ్వు పోతే నేనేం కావాలె అని కూడా అరిచాను, సిగ్గు విడిచి ఏడ్చాను. ఆమెకు ఆయాసం ఎగదన్నింది, పంపు నోట్లో పెట్టుకొని గోడవైపు తిరిగి కూర్చుంది. నేను తూము తీయలేదు.

ఆ వారం అవ్వ రాలేదు, మరుసటి వారమూ రాలేదు. అవ్వ వచ్చిందా అని తెర వెనక నుంచి పూటపూటకూ అడిగేది నా భార్య. లేదంటే పళ్ళెం ముట్టేది కాదు. తినకపోతే ఒంట్లో సత్తువ ఉండదు, సత్తువ లేకపోతే రోగం ఆగదు. ఆమెను బతికించుకోవడానికి నేను చేసిన పనే ఆమెను తిననివ్వడం లేదు. ఏం చేయాలో తోచక పిచ్చెక్కినట్టుండేది. అవ్వ అలిగిందని, ఆమెను బతిమాలి తీసుకొస్తే తప్ప ఇంట్లో ముద్ద దిగదని, ఒక మధ్యాహ్నం దుకాణం కట్టేసి బియ్యమూ పప్పూ రెండు సంచుల్లో పోసుకొని వెనక గల్లీకి వెళ్ళాను.

అవ్వ తలుపు గొళ్ళెం పట్టుకొని నిలబడి ఉంది. రెండు వారాల్లో సగమైంది మనిషి. నేను ఇంకా చాలా దూరంలో ఉండగానే చేయి అడ్డం పెట్టింది.

‘‘రాకు. నాకు జరం. గీడికెల్లి గిట్లనే ఇంటికి పోతే బిడ్డ పానం ఆగంజేస్తవు. పో పటేలా, పో.’’

ఆమె అలగలేదు. నా భార్య కోసమే రావడం మానేసింది. ఆనాడు మోరీ దాకా వెనక్కి పోయింది కూడా అప్పటికే ఒళ్ళు వెచ్చబడిందనా, లేక దూరం అన్న మాట నా నోట వినగానే ఆమె కాళ్ళు చిన్ననాటి అలవాటు కొద్దీ వెనక్కి నడిచాయా, నాకు తెలియదు. అడగాలనుకున్నాను. అవ్వా, నన్ను అట్లా పిలవొద్దు అనాలనుకున్నాను. గల్లీ మధ్యలో, ఎండలో, ముక్కుకు గుడ్డ కట్టుకొని నిలబడి ఏమని అడగను? సంచులు ఒక రాయి మీద పెట్టి వెనక్కి నడిచాను. నేను మూల దాకా వెళ్ళిన తర్వాతనే ఆమె గడప దిగింది.

తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. సాయంత్రానికి బండి వచ్చి ఆమెను దవాఖానకు తీసుకుపోయింది. ఐదో రోజు ఆమె పక్కింటామె సరుకుకు వచ్చి, గోనెపట్టా మీద నిలబడి, ‘‘అవ్వ పోయింది’’ అని చెప్పి, కిలో గోధుమపిండి అడిగింది. నేను తూచి ఇచ్చాను. ఆ మాట నా భార్య విన్నది. రెండు నెలల తర్వాత మొదటిసారి తెర తీసుకొని బయటికి వచ్చి, నన్ను దాటుకొని, మెట్టు మీద అవ్వ కూర్చునే మూలన కూర్చుంది. జనం చూస్తున్నారు.

ఆమెకు ఆ రోగం రాలేదు. రెండోసారి ఊరంతా ఊడ్చుకుపోయినప్పుడు కూడా రాలేదు. నేను ఏ ప్రాణం కోసం అంత తెగించానో ఆ ప్రాణం నాకు దక్కింది, ఇవాళ్టికీ పక్క గదిలో రేడియో వింటూ కూర్చుంటుంది. అవ్వకు నీ మీద కోపముండెనా అని ఒక్కోసారి అడుగుతుంది. లేదంటాను. ఆఖరిసారి నిన్ను ఏమని పిలిచిందని అడిగినప్పుడు, కొడుకా అనే పిలిచిందని అబద్ధం చెప్పాను. నమ్మిందో లేదో గానీ, ఆ పూట అన్నం తిన్నది.

దుకాణం ఎత్తేశాం. ఇప్పుడు గల్లీవాళ్ళు ఫోనులో జాబితా పంపితే సంచి గుమ్మం ముందుకు వస్తుంది, తెచ్చినవాడి ముఖం చూడకుండానే తలుపు వేసుకుంటారు. ఎవరూ ఎవరి ముందూ కొంగు పరచనక్కరలేదు. ఇది మంచి మార్పేనని నాకు నేను చెప్పుకుంటాను, చాలావరకు నమ్ముతాను కూడా. అయితే ఆ సంచితో పాటు ఒక పిలుపు రాదు. పిల్లలు నన్ను తాతా అంటారు, పెద్దవాళ్ళు అంకుల్ అంటారు. కొడుకా అని పిలిచేంత వయసువాళ్ళు నాకు ఇక ఎవరూ లేరు. ఉన్న ఒక్కామె చేత చివరికి పటేలా అనిపించుకున్నాను.