వదిన ఎగరేసిన సీసా

మా వదిన పోయిందన్న కబురు బుధవారం పదకొండు గంటలప్పుడు వచ్చింది. వర్క్‌షాపు బ్రేకు సెక్షన్‌లో ఆమెతో కలిసి పనిచేసే నలుగురు మా క్వార్టర్ గుమ్మం ముందు నిలబడ్డారు. ఒకాయన చేతిలో ఆమె టిఫిను డబ్బా ఉంది. "భాభీ, దీదీ నహీ రహీ," అన్నాడు, అక్క ఇక లేదని. డ్యూటీలో ఉండగానే గుండె ఆగిపోయిందట. కొత్త రాష్ట్రం వచ్చిందని రాయపూర్ వీధుల్లో కట్టిన తోరణాలు ఇంకా విప్పలేదు. వాటి కిందనుంచే ఆమెను తీసుకువెళ్లాం.

వదినంటే మా ఆయనకు అక్క. పిల్లలు లేరు, మాతోనే ఉండేది. వారం నుంచి ఆమెను తలుచుకుంటున్నాను. ఏడుపుకంటే ముందు ఆమె గెలిచిన రోజే గుర్తొస్తోంది. అందుకని అదే రాస్తున్నాను.

నేను శ్రీకాకుళం నుంచి కోడలిగా ఈ రైల్వే కాలనీకి వచ్చేసరికి ఆమెకు నలభై దగ్గరపడ్డాయి. అంతకు చాలా ఏళ్ల ముందే, వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న భర్త ఊపిరితిత్తుల జబ్బుతో పోతే, ఆ ఇంటికి ఆధారంగా ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. ఉద్యోగమంటే షెడ్డులో అందరికీ మంచినీళ్లు అందించడం. బకెట్టు, గ్లాసు పట్టుకుని సెక్షన్ సెక్షన్‌కీ తిరిగేది. ఆమెను అక్కడ ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. "పానీవాలీ" అనేవారు, అంతే. పదకొండేళ్లు అలా గడిచాయి. నీళ్లు తాగేవాళ్లు గ్లాసు తిరిగిచ్చేలోగా వాళ్ల చేతుల్లో పని చూసేది. ముఖ్యంగా బ్రేకు ఫిట్టర్లు గాలి గొట్టాలు బిగించే పని.

ఇంట్లో కుక్కరు మొరాయించినా, ఫ్యాను కిర్రుమన్నా స్క్రూడ్రైవరుతో తయారయ్యే మా ఆయనను ఆపేది. "ముందు ఇను, తరవాతే ఇప్పు," అనేది. చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విని, ఏ నట్టు వదులైందో చెప్పేది. చాలాసార్లు అదే అయ్యేది.

ఫిట్టరు పరీక్షకు రెండుసార్లు అర్జీ పెట్టింది. రెండుసార్లూ ఫోర్‌మన్ కాగితం పక్కన పడేశాడు. బ్రేకు పని ఆడవాళ్ల వల్ల కాదన్నాడు. వయసు పరిమితి చూస్తే ఆమెకు ఇంక ఆ ఒక్క ఏడాదే మిగిలింది.

విశ్వకర్మ పూజనాడు వర్క్‌షాపులోకి కుటుంబాలను రానిస్తారు. ప్రతి సెక్షన్‌వాళ్లూ పాత సామానుతో ఏదో ఒకటి తయారుచేసి చూపిస్తారు. ఆ ఏడు పూజకు నెల ముందు ఎవరో ఫిట్టరు, "పానీవాలీ, ఈసారి నువ్వేం చూపిస్తావు, బకెట్టా?" అని నవ్వాడట. వదిన ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని బెండకాయలు తరుగుతూ చెప్పింది.

"ఒలే, నువ్వు ఇంటర్లో సైన్సు సదివేవు కదా. నీల్లకి బలం ఉంటాదేటి?"

"ఉత్త నీళ్లకు ఉండదు వదినా. వెనక గాలి బిగించి వదిలితే మాత్రం సీసా ఆకాశానికి ఎగురుతుంది. నీళ్లు కిందకి చిమ్ముతాయి, సీసా పైకి పోతుంది. మా లెక్చరరు బోర్డు మీద బొమ్మేశారు గానీ ఎప్పుడూ ఎగరేసి చూపించలేదు."

ఆమె కత్తిపీట పక్కకు జరిపింది. "ఆ బొమ్మ నాకెయ్యి. గాలి సంగతి నాకొగ్గీ."

రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలు అప్పుడప్పుడే ఊళ్లోకి వస్తున్నాయి. ఊరి శివారు బీర్‌గావ్‌లో ఒక పెళ్లికి వెళ్లి, విందు అయ్యాక ఖాళీ సీసాలు మూడు చీర కొంగులో చుట్టుకుని తెచ్చాం. రబ్బరు బిరడాకు కన్నం చేసి సైకిలు ట్యూబు వాల్వు దూర్చాం. మూడో వంతు నీళ్లు పోసి, తలకిందులుగా నిలబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టాం. నేను పంపు వదలకముందే బిరడా ఊడి, ఇద్దరం నిలువునా తడిసిపోయాం. రెండోసారి సీసా ఎగిరింది గానీ, గింగిరాలు తిరిగి పక్కింటావిడ ఎండబెట్టుకున్న వడియాల మీద పడింది.

"నిలకడ లేదు వదినా. ముక్కు బరువుండాలి, తోకకు రెక్కలుండాలి."

"బిరడా దాని ఇష్టానికి ఊడకూడదు. మనం వదిలితేనే ఎల్లాల," అంది ఆమె.

ఎలా వదలాలో నా పుస్తకంలో లేదు. అది పూర్తిగా ఆమె బుర్రలోంచి వచ్చింది. చెక్కదిమ్మలో చిన్న గొట్టం నిలబెట్టి, దాని కింది చివర ఆ సైకిలు వాల్వు బిగించి, పైన రబ్బరు రింగు తొడిగి, సీసా మూతిని దానిపైన బిగించింది. సీసా మెడ దగ్గర ఉబ్బెత్తుగా పట్టీ ఉంటుంది కదా, దాన్ని నొక్కిపట్టేలా ఒక ఇనుపచువ్వను గుర్రపునాడాలా వంచి దిమ్మలో అమర్చింది. చువ్వకు పొడుగాటి తాడు. తాడు లాగితే చువ్వ జారుతుంది, సీసాకు విడుదల.

ముక్కులో బంకమట్టి పెట్టాం. రెక్కలకు అట్టముక్కలు వాడితే నీళ్లకు మెత్తబడిపోయాయి. అప్పుడు ఆమె ట్రంకుపెట్టె తెరిచి భర్త ఎక్స్‌రే ఫిల్ములు తీసింది. నేను వద్దన్నాను.

"పెట్టెలో పడుంటే ఆయనకేటి లాభం? ఎగరనీ," అని తనే కత్తెర పట్టుకుంది.

పూజనాడు మైదానంలో జనం నిండిపోయారు. వదిన దిమ్మ తెచ్చి మధ్యలో పెట్టగానే నవ్వులు మొదలయ్యాయి. నేను పంపు కొట్టడం మొదలుపెట్టాను. ఇరవై పంపులయ్యాయో లేదో ఎక్కడో గాలి బుస్సుమంది. నవ్వు పెద్దదైంది. నేను పంపు వదిలేశాను. "వదినా, పోదాం పద," అన్నాను.

ఆమె నా మాట పట్టించుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుంది. చేతులు కడుక్కోవడానికి పెట్టిన సబ్బు తీసుకుని గ్లాసులో నురగ చేసి, ప్రతి అతుకు మీదా వేలితో రాసింది. పంపు గొట్టం వచ్చి వాల్వుకు కలిసేచోట బుడగలు లేచాయి. గాలి వదిలేసి, అక్కడి రింగు తీసి, జాకెట్టుకు పిన్నీసుతో గుచ్చుకున్న ఇంకో రింగు తొడిగి, మళ్లీ నీళ్లు పోసి బిగించింది. "ఇప్పుడు కొట్టు," అంది.

యాభై పంపులు కొట్టాను. సీసా రాయిలా గట్టిపడింది. అందరినీ వెనక్కి జరగమని చెయ్యి ఊపి, ఆమె తాడు లాగింది.

అది పోయిన వేగానికి మొదట నాకేమీ కనబడలేదు. నేలమీద తెల్లటి నీటి చార మాత్రం ఉంది. తల ఎత్తితే సీసా షెడ్డు కప్పు దాటి, నీళ్ల ట్యాంకు దాటి, ఇంకా పైకి పోతోంది. ఎక్స్‌రే రెక్కలు ఎండలో నల్లగా మెరిశాయి. మైదానమంతా లేచిన కేకలకు నా చెవులు గింగురుమన్నాయి. బకెట్టు మాట అన్న ఫిట్టరు అందరికంటే గట్టిగా ఈల వేశాడు.

ఫోర్‌మన్ మాత్రం పైకి చూడలేదు. నేరుగా వచ్చి దిమ్మ దగ్గర వంగి, ఆ చువ్వను ముందుకీ వెనక్కీ జరిపి చూశాడు.

"యే కిస్‌నే బనాయా?" ఎవరు చేశారని అడిగాడు.

"మైనే, సాబ్," అంది వదిన, నేనేనని.

సబ్బునీళ్ల పరీక్ష ఎవరు నేర్పారని అడిగాడు. పదకొండేళ్లుగా మీ అందరికీ నీళ్లిస్తూ చూసి నేర్చుకున్నానని హిందీలో చెప్పింది. ఆయన చువ్వను మళ్లీ దిమ్మలోకి తోశాడు. "రేపు అర్జీ తీసుకురా. ఈసారి నేనే సంతకం పెడతాను," అన్నాడు.

పరీక్షలో పన్నెండుమంది మగవాళ్ల మధ్య ఆమె ఒక్కతే. పాసయింది. మరుసటి నెలలోనే బ్రేకు సెక్షన్‌లో వేశారు. "దీదీ" అన్న పిలుపు అప్పుడే మొదలైంది.

ఆమె చేతిమీదుగా బాగైన వ్యాగన్లతో మొదటి గూడ్సు యార్డులోంచి బయలుదేరిన సాయంత్రం నన్ను రైల్వే వంతెన మీదకు తీసుకువెళ్లింది. నీలం యూనిఫారం చొక్కా చీర మీదే తొడుక్కుంది. వ్యాగన్లు ఒక్కొక్కటే కిందనుంచి పోతుంటే, "అదిగో నాది. అదీ నాదే," అని చూపించింది. చివర్న గార్డు పెట్టె వచ్చింది. అందులో ఉన్న ముసలి గార్డు, పైన మేమెవరో తెలియకపోయినా, ఆకుపచ్చ జెండా మావైపు ఊపాడు. వదిన చెయ్యి పైకెత్తింది. బండి మలుపు తిరిగి పట్టాలు ఖాళీ అయినా, ఆ చెయ్యి అలాగే పైన ఉంది.