ఛాతీ మీద మరొకరి పేరు

మా డ్రిల్ సార్ పోయారన్న సంగతి నాకు నేను పనిచేసే బడి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. మూడో నంబరు బస్సు ఈరోజు ఆలస్యం, తల్లిదండ్రులు సహకరించాలి అన్న మెసేజ్ కింద సార్ ఫోటో, దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా. జగిత్యాల ఆసుపత్రిలో తెల్లవారుతుండగా గుండె ఆగిందట. ఫోటో పెట్టింది మా కరస్పాండెంట్ గారు. 'నా పరుగు సహచరులు ఇక లేరు' అని రాశారు. సార్ పోయారన్న దుఃఖం కంటే ముందు ఆ 'పరుగు సహచరులు' అన్న మాటే నాకు గుచ్చుకుంది. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

సార్ నేను చదివిన కోరుట్ల సర్కారు హైస్కూల్లో డ్రిల్ మాస్టరు. తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకొని నేరుగా గ్రౌండుకు వచ్చేవారు. తెల్ల కాన్వాసు బూట్లకు చాక్‌పీసు ముక్క రుద్దుకునేవారు. విజిలు మెడలో వేసుకునే అలవాటు లేదు, పిడికిట్లో ఉండేది. ఆయనకు అసహ్యాలు చాలా. గోడ మీద ఉమ్మితే ఛీ, నీళ్లు పారబోస్తే ఛీ, లైనులో ముందున్నవాడి మడమ తొక్కితే ఛీ. ఆ ఛీ వినపడితే ఏం తప్పు చేశామో తెలియకున్నా చేతులు కట్టుకునేవాళ్లం. చివర వచ్చినవాణ్ని మాత్రం ఎన్నడూ ఆ మాట అనలేదు. బాగా ఉరికినవాణ్ని పొగిడిందీ లేదు. "మల్లొకసారి ఉరుకు" అనేవారు, అదే మెచ్చుకోలు. రంజాన్ నెలలో గుక్కెడు నీళ్లు ముట్టకుండా ఎండలో నిలబడి, మా బిందె నిండిందా లేదా అని పోయి చూసి వచ్చేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సిరిసిల్లలో ఆటల పోటీలకు తీసుకుపోయారు. కబడ్డీ జట్టులో నా పేరు ఉండాల్సింది. ఎవరో పెద్దమనిషి ఫోను చేస్తే ఆయన చుట్టాల పిల్లవాడు నా చోట్లోకి వచ్చాడు. నేను మూలకు పోయి ఏడుస్తుంటే సార్ రెక్క పట్టి లేపి, పదిహేను వందల మీటర్ల పరుగులో నా పేరు రాయించారు. వట్టి కాళ్లతో ఉరికాను, గెలిచాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పల్లీలు ఒలుచుకుంటూ సార్ ఒక మాట అన్నారు.

"పైరవి అన్నిట్ల నడుస్తది బేటా. నౌకరీల నడుస్తది, ఆఖరికి దవాఖానల గూడ నడుస్తది. ఉరుకుడుల నడువది. నీ కాళ్లు ఎంత ఉరికితె గంతే."

ఆ మాట పట్టుకొనే నేనూ డ్రిల్ మాస్టరునయ్యాను. సర్కారు కొలువు రాలేదు, కోరుట్లలోనే ఒక ప్రైవేటు బడిలో కుదిరాను. ఆ బడి కరస్పాండెంట్ గారిది ఒకప్పటి దొరల కుటుంబం. ముసలివాళ్లు ఆయన్ని ఇప్పటికీ దొర అంటారు, మేము సార్ అనాలి. ఈ రాతలో మాత్రం సార్ అంటే మా డ్రిల్ సార్ ఒక్కరే.

మూడేళ్ల కింద హైదరాబాదులో పెద్ద పరుగు పెట్టారు, ఇరవై ఒక్క కిలోమీటర్లు. కరస్పాండెంట్ గారు నన్ను పిలిచి, తన పేరు అచ్చయి ఉన్న నంబరు కాగితం నా చేతిలో పెట్టారు. దాన్ని ఛాతీ మీద పిన్నులతో పెట్టుకోవాలి. వెనక ఒక చిప్పు ఉంటుంది, ఎంతసేపట్లో ఉరికామో అది పట్టేస్తుంది. తన హాస్టల్ దోస్తులంతా ఉరుకుతున్నారట, తనకేమో మోకాలు నొప్పట, రెండు గంటల లోపల రావాలట. అడగలేదు, చెప్పారు. ఎండాకాలం సెలవుల తర్వాత ఎవరు ఉండాలో ఎవరు పోవాలో ఆయన నోటి మాట మీదే ఉంటుంది కదా. తలూపాను.

పరుగు రోజు తెల్లవారకముందే అక్కడికి చేరాను. అంత మందిని నేను జాతరలో కూడా చూడలేదు. జాతరలో కనీసం దేవుడుంటాడు. ఇక్కడ నొప్పుల స్ప్రే, సెంటు, ప్లాస్టిక్ మరుగుదొడ్లు, మూడింటి వాసన కలిసి ముక్కులోకి కొట్టింది. మరుగుదొడ్ల ముందు వరుస చూసి ఓపిక లేనివాళ్లు పార్కు గోడకు తిరిగి నిలబడ్డారు. ఆ తడి పారి వచ్చి అందరి ఖరీదైన బూట్ల కిందికి చేరింది. స్టేజీ మీద ఒకాయన మైకులో ఎగరండి, ఎగరండి అని అరుస్తూనే ఉన్నాడు. జెండా ఊపిన తర్వాత కూడా పది నిమిషాల దాకా కాలు తీసి కాలు వేసే సందు లేదు. నలుగురేసి చేతులు పట్టుకొని రోడ్డంతా ఆపి సెల్ఫీలు దిగారు. ఒక్క గుక్క తాగడం, నిండు సీసా కింద పడేయడం. సగం కొరికిన అరటిపండ్లు తొక్కీ తొక్కీ రోడ్డంతా జిగురు. కొందరు డివైడర్ దూకి, అవతలి నుంచి తిరిగి వస్తున్నవాళ్లలో నవ్వుకుంటూ కలిసిపోయారు. వాళ్లను చూసి ఛీ అనుకున్నాను. నా ఛాతీ మీద ఏముందో మరిచిపోయి మరీ అనుకున్నాను.

రెండో నీళ్ల బల్ల దాటుతుంటే వెనక నుంచి అచ్చం అదే ఛీ వినపడింది. సార్. నీళ్లను కాళ్లతో తంతున్నారని ఎవరినో తిడుతున్నారు. రిటైరై ఐదేళ్లయినా అవే చాక్‌పీసు బూట్లు, సొంత నంబరు. నన్ను చూసి మొహం విప్పారింది. కోరుట్ల నుంచి ఆర్టీసీ బస్సులో ఒక్కరే వచ్చారట, చెప్తే ఇద్దరం కలిసి వచ్చేవాళ్లం కదా అన్నారు. నేను ఛాతీకి చేయి అడ్డం పెట్టుకొని పక్కన ఉరికాను.

ఫ్లైఓవర్ మొదట్లో కాలేజీ పిల్లలు వరసగా నిలబడి, వచ్చేవాళ్ల ఛాతీ మీది పేరు చదివి, ఆ పేరుతో హుషారు చేస్తున్నారు. నా చేయి ఎప్పుడు జారిందో తెలియదు. 'కమాన్ రావు గారూ' అని అందరూ ఒక్కసారి అరిచారు. ఈ రావు ఎవరా అని సార్ అటూ ఇటూ చూశారు. తర్వాత నన్ను చూశారు.

"ఎప్పటి సంది రావువైనవ్ బేటా?"

ఊపిరి అందక ముక్కలు ముక్కలుగా చెప్పాను, రెండు గంటల సంగతితో సహా. ఛీ అంటారని ఎదురుచూశాను. అంటే బాగుండేది. అనలేదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నాకు డొక్కలో నొప్పి లేచింది. సార్ నా వీపు మీద అరచేయి పెట్టి, తోస్తూ పైదాకా తెచ్చారు. దిగేచోట చేయి తీశారు. ఇగ పో, నీకు టైమున్నది అన్నారు. ఆయన్ని వదిలి ముందుకు పోయాను.

రెండు గంటలకు కొంచెం ముందే చేరాను. మెడలో పతకం వేశారు. కరస్పాండెంట్ గారు హోటల్లో టిఫిను చేసి, ఇస్త్రీ నలగని బనీనులో వచ్చి నిలబడ్డారు. నా మెడలోది, ఛాతీ మీదిది తీసి తను పెట్టుకున్నారు. సీసా నీళ్లు నెత్తి మీద పోసుకొని, చంకలు తడుపుకొని, చెమట పట్టినట్టు చేసుకున్నారు. ఫోటో తీసింది నేనే. మొదటిది మసకగా వచ్చిందని ఇంకొకటి కూడా తీశాను. తిరిగి వచ్చేటప్పుడు కారులో, ఎట్ల జరిగిందని అడిగితే నోరు ఊరుకోక సార్ కలిసిన సంగతి, వీపు మీద చేయి సంగతి చెప్పుకొచ్చాను. సార్‌కు తెలిసిపోయిందన్న మాట మాత్రం మింగాను. వారం తిరిగేసరికి ఆ ఫోటో కోరుట్లలో మేడిపల్లి రోడ్డు మొదట్లో నిలువెత్తు ఫ్లెక్సీ అయ్యింది.

సార్ ఆ తర్వాత గ్రౌండులో కనపడితే పిల్లలు ఎట్ల ఉరుకుతున్నారని అడిగేవారు. ఆ రోజు మాట ఎత్తలేదు. "మల్లొకసారి ఉరుకు" అని కూడా నాతో మళ్లీ అనలేదు. ఆయన ముందు నిలబడలేక నేను గ్రౌండుకు పోయే వేళే మార్చుకున్నాను. మూడేళ్లు అట్లనే దొంగలా తిరిగాను.

మొన్న మా బడిలో సంతాప సభ పెట్టారు. ఫోటోకు దండ వేయొద్దు, మాలో ఆ పద్ధతి లేదు అని సార్ బిడ్డ ఫోను చేసి మరీ చెప్పింది. వేశారు. ఫ్లెక్సీలో సార్ కంటే కరస్పాండెంట్ గారే పెద్దగా ఉన్నారు. మైకు పట్టుకొని ఆయన ఆ ఫ్లైఓవర్ గురించి చెప్పారు. తనకు డొక్కలో నొప్పి లేచిందట. వెనక నుంచి సార్ వచ్చి వీపు మీద చేయి పెట్టారట.

"ఆ చెయ్యి ఇప్పటికి నా ఈపు మీదనే ఉన్నట్టున్నది" అని కర్చీఫుతో కళ్లు ఒత్తుకున్నారు. నిజంగానే తడి ఉంది, నేను చూశాను. ఉరికింది తానేనని ఆయనకు నమ్మకం కుదిరిపోయిందేమో.

మా బడిలో ఎవరు మాట్లాడినా పిల్లలు చప్పట్లు కొట్టాలి. ఎప్పుడు కొట్టాలో పక్కన నిలబడి చేయెత్తి సైగ చేసేది డ్రిల్ మాస్టరు. సంతాప సభలో చప్పట్లేమిటని ఎవరికీ తోచలేదు. కరస్పాండెంట్ గారు మాట ఆపి నా దిక్కు చూశారు. నా చేయి లేచింది. బడి బడంతా చప్పట్లు కొట్టింది. ఆ పరుగులో చూసిన ఉచ్చ, ఉమ్ము, తొక్కలు అన్నీ కలిపినా నాకు అంత రోత పుట్టలేదు. ఇంటికి పోయి ఆ చేతిని సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను, పిచ్చివాడిలాగా.

పేర్లు రాయకపోయినా ఇది ఎవరి సంగతో కోరుట్లలో అందరికీ తెలుస్తుంది. నా కొలువు పోవచ్చు. పోతే పోనీ. నాకు ఉరకడం నేర్పినాయన చేతిని ఇంకొకరు తమ వీపు మీద పెట్టుకుంటుంటే ఊరుకున్నవాడికి కొలువుంటే ఎంత, లేకుంటే ఎంత.

సభ జరిగిన రోజు సాయంత్రమే సార్ ఇంటికి పోయాను. భర్త పోయిన ఆడవాళ్లు వాళ్లలో నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాళ్ల ఎదుటికి రారు. అమ్మ, అంటే సార్ భార్య, లోపలి గదిలో పరదా వెనక కూర్చున్నారు. నేను ఇవతల కుర్చీలో కూర్చొని అంతా చెప్పాను. ఈసారి ముక్కలుగా కాదు, మొదటి నుంచి చివరిదాకా, చప్పట్లతో సహా.

"నాకెర్కనే బేటా" అన్నారు లోపలి నుంచి. "మీ సార్ గా దినమే చెప్పిండ్రు. నీ మీద కోపానికైతే రాలేదు. గని ఏటేట పట్నంల ఉరుకుడు అయినంక, ఉరికినోళ్ల పేర్లు ఫోన్ల తీపిచ్చి సూసెటోళ్లు. మా బిడ్డె చదివేది. నీ పేరు అచ్చిందా, అచ్చిందా అని అడిగెటోళ్లు."

లోపల సార్ బిడ్డ గిన్నెలు సర్దుతున్నట్టుంది.

"మా బిడ్డకు పేరు దొరకలేదు గావచ్చు" అన్నారు అమ్మ మెల్లగా. "ఉరికినవు గద బేటా, ఒక్కపారన్న, నీ పేరు మీద?"

గిన్నెల చప్పుడు ఆగింది. పరదా అవతల ఇద్దరూ నా జవాబు కోసం ఆగారు.