కరివేప మొదట్లో సముద్రం

ఈ సంగతి కాగితం మీద పెట్టక తప్పదు. మా గల్లీలో ఇది ఇప్పటికే నా చెయ్యి దాటిపోయింది. ఇస్త్రీ బండి దగ్గర వినిపించేదాని ప్రకారం, చిక్కడపల్లిలో ఎవరో ఒకాయన ఇంటి ఓనరమ్మ మీద కోపంతో ఆమె కరివేప చెట్టుకు యాసిడ్ పోశాడు. నారాయణగూడ మార్కెట్ చేరేసరికి ఆ యాసిడ్ చేతబడి అయింది. ఆ ఒకాయన నేనే. చెట్టుకు పడింది యాసిడ్ కాదు, సముద్రం. అది కూడా నేను పోయలేదు, మిషను పోసింది.

ఇంకో కారణం కూడా ఉంది. ఇంట్లో ఉప్పునీటి చేపలు పెంచుకుంటూ, వాటి నీళ్లు వాటంతటవే మారేలా ఏర్పాటు చేసుకోవడం ఎలాగో చెప్పే తెలుగు పేజీ మా లైబ్రరీలో ఒక్కటీ లేదు. లైబ్రరీ సార్ దగ్గర నిచ్చెన అడిగి తీసుకుని, పై అరల దాకా బాగా వెతికే చెబుతున్నాను. ఆ ర్యాకుల్లో ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలను. లేని పేజీని ఎవరో ఒకరు రాయాలి కదా.

నాకు అశోక్‌నగర్‌లో జెరాక్సు షాపుంది. బడి చదువు పదో తరగతితో ఆగింది. తరవాతి చదువంతా లైబ్రరీ బల్లల దగ్గరే సాగింది. పొద్దున షాపు తెరిచేముందు కాసేపు, మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక కాసేపు వెళ్తాను. అక్కడ నా చుట్టూ కూర్చునేవాళ్లంతా సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లు. ఒకరోజు పక్క కుర్చీలో ఉన్నతను నా ముందున్న ఇంగ్లీషు పుస్తకంలోకి తొంగి చూశాడు.

"అంకుల్, ఏ నోటిఫికేషన్‌కు ప్రిపేరవుతున్నరు?"

"నోటిఫికేషన్ ఏం లేదు తమ్మీ. ఉప్పునీళ్ల చేపల గురించి చదువుతున్న."

"ఫిషరీస్ పోస్టులు పడుతున్నయా? జర సిలబస్ చెప్పుండ్రి! మీ ఏజ్ దాంక పెంచిండ్రా ఏంది?"

ఉద్యోగం కోసం కాదని ఎంత చెప్పినా అతను నమ్మలేదు. పోటీ పెరగకూడదని నేను దాస్తున్నానని అతని అనుమానం.

చేపలు నా దగ్గరకు వచ్చింది పంటినొప్పి వల్ల. హైదర్‌గూడలో ఒక పళ్ల డాక్టరు తన క్లినిక్ ముందుగదిలో నాలుగడుగుల గాజుతొట్టి పెట్టించాడు. అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చిన్న చేపలు రెండు ఉండేవి. ఎక్కడికి పోయినా జంటగానే పోయేవి. వాటిని చూస్తూ కూర్చుంటే నొప్పి తగ్గేది కాదు గానీ గుర్తుండేది కాదు. తరవాత ఆయన క్లినిక్ మూసేస్తూ, "తీసుకెళ్తారా? మీరొక్కరే వాటి గురించి అడిగేవారు" అన్నాడు. ఆటోట్రాలీలో తొట్టి, నా ఒళ్లో చేపల డబ్బా. అలా మా ఇంట్లోకి సముద్రం వచ్చింది.

సముద్రంతో ఉన్న చిక్కు ఏమిటంటే దాన్ని మారుస్తూ ఉండాలి. చేప విసర్జించినదీ, తినకుండా వదిలేసిన మేతా నీళ్లలోనే కరిగి మెల్లగా విషమవుతుంది. అసలు సముద్రానికైతే బోలెడంత చోటుంది. నాలుగడుగుల సముద్రానికి మనమే దిక్కు. అందుకని ప్రతి ఆదివారం కొంత పాత నీరు తోడి బాత్రూంలో పారబోసి, ఫిల్టర్ నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపి, కొత్త నీరు పోసేవాణ్ణి. మామూలు ఉప్పు పనికిరాదు. సముద్రంలో ఉండే లవణాలన్నీ కలిపిన ప్యాకెట్లు వేరే దొరుకుతాయి.

ఒక ఆదివారం బకెట్టు ఎత్తుతుంటే నడుం పట్టేసింది. ఇక బరువులు ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొన్ని వారాలు మా ఆవిడే మోసింది. తరవాత ఒకరోజు బకెట్టు హాలు మధ్యలో దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ చెప్పేసింది.

"ఓ లైబ్రరీ సాబ్, గీ బకెట్లు నేనింక మొయ్య. గన్ని పుస్తకాలు సదివినవ్ కదా, బకెట్ లేకుండ నీళ్లు మారే ఉపాయం యాడన్న రాసిండ్రా?"

"రాసిండ్రు."

"ఐతే జెయ్యి. లేకుంటే ఆ హోటలాయనకు ఇచ్చెయ్."

హోటలాయనంటే మా వీధి మొగలో టిఫిన్ హోటలు నడిపేవాడు. జెరాక్సుల కోసం వచ్చినప్పుడల్లా తొట్టి అడిగేవాడు. కౌంటరు పక్కన పెడితే జనం ఆగుతారట. పొయ్యి సెగకూ తాలింపు పొగకూ ఆ జంట ఎన్నాళ్లు బతుకుతుంది? ఇవ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

మొదటి ప్రయత్నం మెడికల్ షాపు నుంచి మొదలైంది. రోగులకు ఎక్కించే సెలైన్ గొట్టం కొన్నాను. కొత్త నీళ్ల డబ్బా అల్మారా మీద పెట్టి, చుక్కచుక్కగా తొట్టిలోకి దిగేలా కట్టాను. చక్రం తిప్పితే చుక్కల వేగం మారుతుంది. చూడ్డానికి ఎంతో బాగుంది. మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమైందయ్యా చేపలకు? దవాఖానల శెరీకు జేసినవా?"

చుక్కలు మాట వినలేదు. డబ్బాలో నీళ్లు తగ్గేకొద్దీ వేగం తగ్గింది. సూది మొనలో ఉప్పు పేరుకుని మూసుకుపోయింది. మళ్లీ లైబ్రరీకి పోయి చదివితే తెలిసింది, దీనికి కావలసింది పిండే పంపు అని. ఐసు గొట్టాన్ని పిల్లలు కింది నుంచి నొక్కుకుంటూ పైకి తెస్తారు చూడండి, ఆ పంపు పని అదే. లోపల తిరిగే రోలర్లు రబ్బరు గొట్టాన్ని నొక్కుతూ నీటిని ముందుకు తోస్తాయి. నీళ్లు గొట్టం దాటి బయటికి రావు కాబట్టి ఇనుముకు ఉప్పు తగలదు, తుప్పు పట్టదు. అలాంటి తలకాయలు రెండు పక్కపక్కన ఉండాలి. ఒకటి పాత నీరు బయటికి లాగుతుంది, ఇంకోటి డ్రమ్ములోంచి కొత్త నీరు లోపలికి తోస్తుంది. రోజూ కొంచెం కొంచెం. చేపలకు నీళ్లు మారినట్టే తెలియదు.

కోఠి గల్లీల్లో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే షాపులో ఆ పంపు దొరికింది. ఏ ల్యాబుకని షాపాయన అడిగాడు. చేపలకని చెబితే నన్నూ పంపునూ మార్చి మార్చి చూశాడు. "మంచిగున్నది మీ పని. మా ఇంట్ల మనుషులకే నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నయ్" అన్నాడు.

పుస్తకం ఒక జాగ్రత్త చెప్పింది. రెండు తలకాయలూ సమానంగా పిండాలి. బయటికి పోయేది ఒక పిసరు ఎక్కువైనా తొట్టి మెల్లగా తగ్గిపోతుంది, లోపలికి వచ్చేది ఎక్కువైతే పొంగుతుంది. టానిక్ సీసాలతో వచ్చే కొలత గ్లాసులు మెడికల్ షాపులో రెండు అడిగి తెచ్చుకుని, రెండింటి లెక్కా కుదిరేదాకా సరిచేశాను. డ్రమ్ము వంటగది మూలన పెట్టాను. పాత నీళ్ల గొట్టం ఎక్కడికి తీయాలా అని చూస్తే, మా నీళ్ల ఫిల్టర్ వేస్టు గొట్టం బాల్కనీ తూములోకి పోతూ కనిపించింది. దాని పక్కనే ఇదీ దూర్చి, తాడుతో కట్టేశాను. గోడకు మేకు కొట్టే పని కూడా లేదు. దానికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ వేసవంతా హాయిగా గడిచింది. పంపు సన్నగా మూలిగేది. జంట చేపలు తొట్టిలో తిరిగేవి. మా ఆవిడ బకెట్లను బట్టలు నానబెట్టడానికి తీసుకుంది. షాపుకు వచ్చినవాళ్లకు స్పైరల్ బైండింగ్ అయ్యేలోపు పంపు గురించి చెప్పి పంపేవాణ్ణి.

అప్పుడు ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది. ఆమెకు డెబ్బై దాటాయి. కృష్ణాజిల్లా నుంచి ఆమె మామగారు ఉద్యోగరీత్యా వచ్చి ఈ ఇల్లు కట్టించారు. కింద ఆమె ఉంటుంది, పైన మేము కిరాయికి. గేటు పక్కనున్న కరివేప చెట్టు ఆమెది. గల్లీ అంతటికీ తాలింపు అక్కడి నుంచే. అడిగి కోసుకుంటే ఏమీ అనదు, అడక్కుండా కోస్తే వారం రోజులు అంటుంది.

"ఏమయ్యా, నువ్వు బోలెడు పుస్తకాలు చదువుతావు కదా. ఒకసారి వచ్చి మా చెట్టుకేం తెగులో చూడు."

గర్వంగా దిగాను. ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడి ఉన్నాయి. కొమ్మ కదిపితే ఆకులు రాలుతున్నాయి. తెగుళ్ల గురించి చదివినవన్నీ నెమరేసుకుంటూ మొదలు దగ్గర కూర్చున్నాను. మట్టి మీద తెల్లటి పొర ఉంది. ఓనరమ్మ కూడా వంగి, ఆ పొరను గోటితో గీరి, నాలుక చివర పెట్టుకుంది.

"ఉప్పు!" అంది. "చిక్కడపల్లిలో చౌడెక్కడిదయ్యా?"

తల పైకెత్తితే మా బాల్కనీ కనిపించింది. అక్కడి నుంచి దిగిన పైపు మురుగు కాలవ దాకా రాలేదు. మధ్యలో మోచెయ్యి తిరిగి నేరుగా చెట్టు పాదులోకి వచ్చింది. ప్లంబరును పిలిపించారు. పాలమూరు నుంచి వచ్చి మా గల్లీలోనే ఉంటున్న మనిషి. మా అందరికీ అన్నే.

"నువ్వే జెప్పినవ్ కదమ్మా," అన్నాడు ఓనరమ్మతో. "ఎండాకాలం ఫిల్టర్ నీళ్లు ఉత్తగ మోరీల వోతున్నయ్, చెట్టుకు తిప్పు అన్నవ్. తిప్పిన. గా నీళ్లల్ల సముద్రమొస్తదని నాకెవ్వరు జెప్పిండ్రు?"

నీళ్ల కరువున్న ఊళ్లో ఆమె చేసింది మంచిపనే. ఆ మాట మా ఆవిడతో కూడా చెప్పిందట. మా ఆవిడ నాకు చెప్పబోతే నేను పంపు కొలతల్లో ఉండి చెయ్యి అడ్డం ఊపానట. బకెట్ల రోజుల్లో ఉప్పునీళ్లు ఎటు పోతున్నాయో కళ్లముందే ఉండేది. నీళ్లు వాటంతటవే పోవడం మొదలయ్యాక ఎటు పోతున్నాయని ఎవరూ చూడలేదు.

ఓనరమ్మ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. చెట్టు కాండం మీద చెయ్యి వేసింది.

"ఇది నేను కాపరానికొచ్చిన ఏడాది పెట్టిన మొక్కయ్యా," అంది. "ఆషాఢం వెళ్లేలోగా చిగురేస్తే సరే. లేకపోతే నా ఇంట్లో ఒక్కటే బతకాలంటే అది నీ చేపలు కాదు. ఆ హోటలతనికి ఇచ్చేసెయ్."

అయిపోయింది. చేపల ప్రాణం చెట్టు చిగురుకు ముడిపడింది. పంపు ఆపేశాను. మా ఆవిడ ఏమీ అనకుండా బకెట్టు అందుకుంది. దానికి నాకు ఇంకా బాధ వేసింది.

మర్నాడు లైబ్రరీలో చేపల ర్యాకు వైపు వెళ్లలేదు. నేలల గురించి వ్యవసాయ పుస్తకాలు ముందేసుకున్నాను. పక్క కుర్చీ అతను చూసి, "అగ్రికల్చర్ ఆఫీసర్‌కు మారిండ్రా? మంచి పని జేసిండ్రు, దాంట్ల పోస్టులెక్కువ" అని మెచ్చుకున్నాడు. ఉప్పు పట్టిన నేలకు మందు మంచినీళ్లేనని ఆ పుస్తకాల్లో ఉంది. మొక్కను ఊరికే తడిపితే చాలదు. నేలలోంచి నీళ్లు దిగి, ఉప్పును కరిగించుకుని బయటికి పోవాలి. పోయే దారి లేకపోతే ఎండకు ఆ ఉప్పే మళ్లీ పైకి వస్తుంది. ఇదంతా వచ్చి ఓనరమ్మకు ఉత్సాహంగా వివరించాను. ఆమె వక్క నములుతూ విన్నది.

"మా పుట్టింటి చేను ఉప్పుటేరు గట్టునే," అంది. "మా నాన్నగారు కాలవ నీళ్లు నిలగట్టి, మురుక్కాలవలోకి వదిలేవారు. మీ పుస్తకం వాళ్లు మా నాన్నగారిని అడిగి రాశారు కాబోలు." ఉప్పు సంగతి బయటపడ్డాక మొదటిసారి నా వైపు చూసి కాస్త నవ్వింది.

ప్లంబరన్న పాదు పక్కన గోడ వారగా సన్నటి కాలవ తవ్వి మోరీలోకి కలిపాడు. మా గొట్టాన్ని తూములోంచి పీకి బాత్రూంలోకి తిప్పాడు. తరవాత నల్లా వచ్చిన ప్రతిసారీ చెట్టుకు నీళ్లు కట్టడమే. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన నీటిలో మా వాటా చెట్టుకే. మా ఆవిడ దుప్పట్లు ఉతకడం వాయిదా వేసింది. ఓనరమ్మ తన సంపు మూత తీసి, "తోడుకోండి" అంది. కాలవలోంచి పారే నీళ్లను నేను ప్రతిసారీ వేలితో ముట్టి నాలుక మీద పెట్టుకునేవాణ్ణి. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. ఇస్త్రీ బండి దగ్గర మాటలు పుట్టింది అప్పుడేనని నా లెక్క.

రుచి తగ్గుతూ వచ్చింది. చెట్టు మాత్రం ఉన్న ఆకులు కూడా రాల్చేసింది. హోటలాయన వచ్చి టేపుతో తొట్టి కొలుచుకుని వెళ్లాడు. ఆ సాయంత్రం చేపలకు మేత వేస్తూ, వీటికి కమ్మరి కొలిమి లాంటి చోటు రాసి పెట్టి ఉందేమో అనుకున్నాను. వాన మొదలైంది. రెండు మూడు రోజులు విడవకుండా కురిసింది. మేం నెలంతా పోసిన నీళ్లకన్నా ఎక్కువే పోసి ఉంటుంది.

వాన వెలిసిన పొద్దున కింది నుంచి కేక వినపడింది. ఓనరమ్మ పిలిచింది నన్ను కాదు, మా ఆవిడను. నేను నడుం పట్టుకుని దిగేసరికి ఇద్దరూ చెట్టు దగ్గర వంగి ఉన్నారు. కాండం కింది భాగంలో, ఎండిన బెరడు పగిలిన చోట, గోరంత చిగురు. దాని పైన ఇంకొకటి. మా ఆవిడ ముట్టుకోబోతే ఓనరమ్మ చేతి మీద చిన్నగా కొట్టింది.

"తాలింపుకి ఈ ఏడాది బజారు కరివేపాకే," అంది. తరవాత నాతో, "వెళ్లి నీ మిషను పెట్టుకో. గొట్టం ఎటు పోతోందో నాకు చూపించి మరీ పెట్టు" అంది.

చూపించాను. ఆమె బాత్రూం దాకా వచ్చి, గొట్టం మొదట్నుంచి చివరిదాకా చేత్తో తడుముకుంటూ చూసింది. పోతూ పోతూ తొట్టి ముందు ఆగి, ఆ రెండు చేపల వైపు చాలాసేపు చూసింది. హోటలాయనకు లేదని కబురు పంపాను.

సాయం చేసినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలని కూర్చున్నాను. గల్లీలో పిలుచుకునే పేర్లే రాస్తున్నాను. సంపు మూత తీసి, చేపలను ఉండనిచ్చిన ఓనరమ్మకు. కాలవ తవ్విన ప్లంబరన్నకు. వెతకడానికి ఓపికగా నిచ్చెన ఇచ్చిన లైబ్రరీ సార్‌కు. తొట్టి నా చేతికిచ్చిన పళ్ల డాక్టరు గారికి. నేను ఏ పోస్టుకు చదువుతున్నానో ఇప్పటికీ తెలుసుకోవాలని చూస్తున్న పక్క కుర్చీ తమ్ముడికి. రెండు కొలత గ్లాసులిచ్చిన మెడికల్ షాపన్నకు. చివరగా, బకెట్టు వద్దని దించి, మళ్లీ ఒక్క మాట అనకుండా ఎత్తిన మా ఆవిడకు. ఆమె అసలు పేరు రాద్దామని పెన్ను పెడితే కాగితం లాక్కుని చదివి, "అందరి తర్వాత నేనా?" అంది.