ఇస్పేటు నాలుగు మీద కళావరు ఐదు

మా మామగారు పోయి ఇరవై రోజులు దాటింది. ఆ పొద్దున్న కుళాయికి నీళ్ళు వచ్చాయని అత్తగారు బిందెలు తీసుకుని వెళ్ళారు. నేను టీ గ్లాసు తెచ్చి గడప మీద పెట్టాను. ఎప్పుడూ అలాగే పెడతాను, ఆయన చెయ్యి చాపి తీసుకుంటారు. గ్లాసు మీద పొగ పోయింది, మీగడ కట్టింది, ఆయన చెయ్యి రాలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. పిలవాలి. కానీ ఏమని పిలవాలి? పెళ్ళయిన ఐదేళ్ళలో నేను మామగారిని ఒక్కసారీ పిలవలేదు. అత్తగారు వచ్చేదాకా అలాగే నిలబడిపోయాను.

బెంగాల్‌లోని ఈ రేవుపేట వాట్‌గంజ్‌లో మన తెలుగువాళ్ళ సంఘం వేసే పత్రికకి ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. మా వారూ ఆడపడుచూ ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివారు. తెలుగు మాట్లాడతారుగానీ రాయలేరు. శ్రీకాకుళం వైపు ఏడో తరగతి దాకా చదివిన నేనే ఇంట్లో తెలుగు రాయగలిగేదాన్ని. అందుకని ఆయనతో ఒక్క మాటా మాట్లాడని నేను ఆయన గురించి రాస్తున్నాను. ఇందులో నాకు తెలిసింది ఎంతో, తెలియనిది ఎంతో నాకే సరిగ్గా తెలియడం లేదు.

మా వైపు కోడలు మామగారి ఎదుట కూర్చోదు, ఎదురుగా మాట్లాడదు. ఇక్కడ ఉన్నవి రెండే గదులు. ఎదురుపడకుండా ఎలా ఉంటాం? అందుకని నేను వంటగది గడప దగ్గర, తెర పక్కన నిలబడేదాన్ని. ఆయన ముందుగదిలో నేల మీద చెక్కపలక వేసుకుని, పేకముక్కలు పరుచుకుని ఒక్కరే ఆడుకునేవారు. ఇక్కడి బెంగాలీవాళ్ళు ఆ ఆటని పేషెన్స్ అంటారు. మామగారు ఒంటరాట అనేవారు.

ఆయన డాక్‌లో ఓడల నుంచి సరుకు దింపే పని చేశారు. క్రేను పాడైనప్పుడో, వాన పడినప్పుడో గంటల తరబడి కూర్చోవలసి వచ్చేదట. ఏ దేశం ఓడ వస్తే ఆ ఓడ మీది వంటవాడో, రంగులు వేసేవాడో ఒక ఆట చూపించి పోయేవాడట. ఒకరి భాష ఒకరికి రాదు. ముక్కలు పరిచి చూపిస్తే చూసి నేర్చుకోవడమే. నేనూ అలాగే నేర్చుకున్నాను, కాకపోతే తెర పక్కనుంచి, ముక్కలన్నీ నాకు తలకిందులుగా కనబడుతుంటే.

ఒకసారి జబ్బు చేసినప్పటి నుంచి ఆయన ఎడమ చెయ్యి వణికేది. ముక్కలు కలపలేకపోయేవారు. అత్తగారు పేక ముట్టరు. "కొంపలు కూల్చీ ముక్కలు, నాను ముట్టను" అనేవారు. అందుకని మామగారు కట్ట గడప మీద పెట్టేవారు. నేను తీసుకుని, వంటగదిలో కలిపి, మళ్ళీ గడప మీద పెట్టేదాన్ని. ఆట అయ్యాక "కట్టీండి" అని గోడకి చెప్పేవారు. ఆయన లేచి వెళ్ళాక నేను వచ్చి, ముక్కలు పోగుచేసి, గుడ్డపీలికతో కట్టేదాన్ని. రోజూ మా ఇద్దరి మధ్యా జరిగింది ఇంతే.

కాదు, ఇంకోటి ఉంది. టీ కావాలంటే నన్ను అడగలేరు కదా. ఇస్పేటు రాణిని చేతిలోకి తీసుకుని, "ఏటమ్మా రాణీ, గొంతు ఎండిపోతన్నాదా? టీ తాగుతావేటి?" అనేవారు. నేను లోపల నవ్వు ఆపుకుంటూ స్టవ్ వెలిగించేదాన్ని. అత్తగారు మాత్రం "మనుషులతో మాటాడ్డం ఎప్పుడు నేర్చుకుంటావో" అని విసుక్కునేవారు.

మొదట్లో నాకు అన్నీ ఒకే ఆటలా ఉండేవి. ఒక రోజు ముక్కలు గుండ్రంగా ఉండేవి, మర్నాడు మెట్లలా, ఆ మర్నాడు వరసలుగా. గుండ్రంగా ఉన్నది గడియారం. గంటల అంకెలున్న చోట పన్నెండు కుప్పలు, మధ్యలో ఒకటి, కుప్పకి నాలుగేసి ముక్కలు బోర్లా. మధ్య ముక్క తిప్పితే ఆరు వచ్చిందనుకోండి, దాన్ని ఆరు గంటల కుప్ప కిందికి తోసి, ఆ కుప్ప మీది ముక్క తిప్పాలి. అది చెప్పిన చోటికి పోవాలి. జాకీ పదకొండు, రాణి పన్నెండు, రాజు మధ్యకి. నాలుగో రాజు వచ్చేస్తే ఎన్ని ముక్కలు బోర్లా ఉన్నా ఆట ఆగిపోతుంది. అందులో ఆడేవాడు ఎంచుకునేది ఏమీ లేదు. "ఇది ఆడడం కాదు, ఎవుడో తిప్పుతుంటే తిరగడం" అని ఆయన ముక్కలతో అనేవారు. కానీ నేను కాపురానికి వచ్చిన రోజున, అత్తగారితో గొడవ పడినప్పుడు, మా వారికి జీతం రాని నెలలో ఆయన పరిచింది ఆ ఆటే.

మెట్ల ఆటలో పైన ఒకటి, దాని కింద రెండు, అలా ఏడు మెట్లు. మీద వేరే ముక్క లేని రెండింటిని కలిపితే పదమూడు రావాలి, అప్పుడు ఆ రెండూ తీసెయ్యొచ్చు. పదికి మూడు, జాకీకి రెండు, రాణికి ఆసు. రాజుకి ఎవరూ అక్కర్లేదు, ఒక్కడే పోతాడు. ఇంకో ఆటలో ముక్కలన్నీ వెల్లకిలాయే, దాపరికమే లేదు. పక్కన నాలుగు ఖాళీ చోట్లు, ఒక్కోచోట ఒక్క ముక్కని తాత్కాలికంగా దాచుకోవచ్చు. అది తేలిక అనుకున్నాను. మామగారు అందులోనే అన్నిటికన్నా ఎక్కువసేపు గడ్డం పట్టుకుని కూర్చునేవారు.

ఆయన కట్టలో డైమన్ రెండు ఎప్పుడో పోయింది. దాని బదులు బిస్కెట్ డబ్బా అట్ట కత్తిరించి, ఎర్ర పెన్సిల్‌తో రెండు గుర్తులు వేసి పెట్టుకున్నారు. అది బోర్లా ఉన్నా వెనకనుంచి తెలిసిపోయేది. ఒకసారి ఆడపడుచు పట్టుకుంది.

"నాన్నా, అది డైమన్ రెండే కదా! తెలిసిపోతోంది. దాన్ని ముందు తియ్యి."

"తెలిస్తే?"

"తెలిస్తే తియ్యాలి కదా."

"తెలిసింది తెలిసినట్టు ఆడీస్తే ఆటేటే? దాని వంతు వచ్చినప్పుడే తీస్తాను."

"ధూర్ నాన్నా, చూసేవాళ్ళు ఎవరున్నారు? కాస్త మోసం చేసుకో."

"ఒంటరాటలో మోసం సేస్తే ఎవల్ని సేసినట్టే?" అన్నారాయన. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

ఇప్పుడు నేను రాయడానికి సిగ్గుపడే సంగతి రాయాలి.

భవానీపూర్‌లో ఆడవాళ్ళకి కుట్టు నేర్పే చోటు ఉంది. ఆరునెలలు నేర్పుతారు. నాకు వెళ్ళాలని ఉండేది. ఎంత ఉండేదంటే, బస్సులో ఏ వైపు కూర్చుంటే ఎండ పడదో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. మా వారిని అడిగితే "నాన్న ఏటంటే అది" అన్నారు. అత్తగారు "భవానీపూరెల్లి ఏటి కుడతాది? సిరిగిపోయినవన్నీ ఇక్కడే ఉన్నాయి కదా" అన్నారు. మామగారు అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఒక ఆదివారం పలక ముందు కూర్చుని, "ఏడు వరసలు యేస్తన్నాను. ఆట పడితే ఎల్లమను. పడకపోతే నేదు" అన్నారు. కట్ట గడప మీద పెట్టారు. నేను కలిపాను. ఎప్పటికన్నా మూడు నాలుగు సార్లు ఎక్కువే కలిపాను.

ఏడు వరసల ఆట ఎక్కువమందికి తెలిసిందే. మొదటి వరసలో ఒక ముక్క, రెండో దానిలో రెండు, అలా ఏడు దాకా. చివరి ముక్క ఒక్కటే వెల్లకిలా. ఎరుపు మీద నలుపు, నలుపు మీద ఎరుపు, అంకె దిగుతూ పేర్చాలి. మిగిలిన కట్టలోంచి మూడేసి తిప్పుకోవాలి. ఆసులు బయటపడితే పైన పెట్టి, వాటి మీద రెండు, మూడు అంటూ రాజు దాకా ఎక్కించాలి. నాలుగు కుప్పల మీదా నలుగురు రాజులు కూర్చుంటే ఆట పడినట్టు. చాలాసార్లు పడదు.

ఆ రోజూ ఇరుక్కుపోయింది. కట్ట మూడుసార్లు తిరిగొచ్చినా కదలలేదు. మామగారు కర్ర పట్టుకుని పెరటి చివరి స్నానాలగదికి వెళ్ళారు. అత్తగారు కుళాయి దగ్గర ఉన్నారు. నేను తెర దాటి, ఆట మధ్యలో మొదటిసారి ఆ పలక దగ్గరికి వంగి చూశాను. పైన ఇస్పేటు కుప్ప నాలుగు దాకా వచ్చి ఆగింది. ఒక వరస చివర కళావరు ఐదు ఉంది. నాలుగు మీద ఐదు! రెండూ నలుపే! ఈయన చూసుకోలేదనుకున్నాను. ముక్క తీసి ఇస్పేటు నాలుగు మీద పెట్టాను. దాని కింద బోర్లా ఉన్నది తిప్పాను. ఆయన అప్పటిదాకా ఎదురుచూస్తున్న డైమన్ ఆసు. కర్ర చప్పుడు వినబడి తెర వెనక్కి పరుగెత్తాను.

ఆయన వచ్చి కూర్చున్నారు. నాకు చూసే ధైర్యం లేదు. మామగారి ఆట మీద చెయ్యి వేసిన కోడలిని ఏమంటారో నాకు తెలియదు, అలాంటిది ఎవరూ చేసి ఉండరు. తరవాత ఆయన గొంతు సవరించుకుని, "రాణీ, టీ" అన్నారు. అంతే. గడప మీద గ్లాసు పెట్టాను. ముక్కలు కదులుతున్న చప్పుడు మొదలైంది. రాజు కూర్చున్నప్పుడు పలక మీద వేలితో ఒకసారి కొట్టడం ఆయన అలవాటు. ఒకటి, రెండు, మూడు... నాలుగోది విని గోడకి ఆనుకున్నాను.

"ఆట పడింది. ఎల్లమను" అన్నారు.

బిందెతో వచ్చిన అత్తగారు ఆగిపోయారు. "నీ ఆట ఎప్పుడూ పడదు కదా, ఈయేళ పడిందేటి?"

"పడ్డప్పుడు పడతాది" అన్నారాయన. "కట్టీండి."

పోగుచేస్తూ చూశాను. నా కళావరు ఐదు ఇస్పేటు కుప్పలో అలాగే ఉంది, దాని మీద ఇస్పేటు ఆరు. ఇస్పేటు ఐదేమో కళావరు కుప్పలో నాలుగుకీ ఆరుకీ మధ్య ఉంది. నలుపు నలుపు ఒకటేనన్నమాట అనుకున్నాను. నేను చేసింది మాట చెప్పకుండా ముట్టుకున్న తప్పేగానీ, ఆటలో తప్పు కాదని ధైర్యం తెచ్చుకున్నాను.

కుట్టు నేర్చుకున్నాను. ఇప్పుడు చుట్టుపక్కల నాలుగు వీధులవాళ్ళ జాకెట్లు కుడుతున్నాను. మొట్టమొదట కుట్టింది ఆ పేకకట్టకి ఒక సంచి. గడప మీద పెట్టాను. ఆయన లోపలా బయటా తిప్పి చూసి, "కుట్టు తిన్నగానే ఉన్నాదే" అని సంచితోనే అన్నారు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆడపడుచు ఫోనులో అదే ఏడు వరసల ఆట ఆడుతోంది. నన్ను పక్కన కూర్చోబెట్టి, "ఆడు వదినా, నాన్న ఆటే" అంది. ఆడుతుంటే ఇస్పేటు నాలుగు పైన ఉంది, కళావరు ఐదు చివర ఉంది. తీసుకెళ్ళి పెట్టాను. ముక్క జారి వెనక్కి వచ్చేసింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ వచ్చేసింది.

"ఫోను పాడైనట్టుంది" అన్నాను.

"ధూర్ వదినా! పైన ఒకే గుర్తు ఉండాలి. ఇస్పేటు మీద ఇస్పేటే. నలుపైతే చాలనుకున్నావా?"

"మామగారు అలా ఆడేవారు కాదా?"

"నాన్నా? నాన్న దగ్గరే కదా నేను నేర్చుకున్నది. ఒక్కసారి తప్పు పెడితే ఆటంతా చెరిపేసేవారు."

నేను ఫోను ఆమెకి ఇచ్చేశాను. అంటే ఆ ఆదివారం ఆయన వచ్చి కూర్చోగానే చూసి ఉంటారు. లేక చూడలేదా? పెద్దవయసు, కళ్ళకి పొర వచ్చిందేమో. అత్తగారిని అడిగాను, మామగారికి ముక్కలు సరిగ్గా కనబడేవా అని.

"కనబడకేటి? రోడ్డు మలుపులో బస్సుంటే ఇక్కడినుంచి నంబరు సదివీవోడు. ఏటే, ఇప్పుడెందుకది?"

"ఏం లేదు" అన్నాను.

కళ్ళ పొర వల్ల నా తప్పు చూడలేదనుకున్నా, ఇస్పేటు ఐదుని తీసుకెళ్ళి కళావరు నాలుగు మీద పెట్టింది ఎవరు? నా తప్పుకి సరిపడా రెండో తప్పు. అది చెయ్యకపోతే ఆ రెండు కుప్పలూ ఎప్పటికీ పూర్తి కావు. ఒంటరాటలో మోసం చేస్తే ఎవరిని చేసినట్టు అన్న మనిషి, అట్ట ముక్క తెలిసినా తెలియనట్టే ఆడిన మనిషి, ఎందుకు చేశారు? నన్ను పంపాలని ముందే ఉంటే ఆట దాకా ఎందుకు? ఆట చెప్పిందంటే అత్తగారు కాదనరనా? లేక నా చెయ్యి ఆ ముక్కల మీద పడింది చూసి అప్పుడు మనసు మార్చుకున్నారా? కోపం వచ్చిందా? నవ్వొచ్చిందా? ఒకటి అనుకుంటే రెండోది కాదనిపిస్తుంది. అడిగే వీలున్న ఐదేళ్ళూ నేను తెర పక్కన నిలబడ్డాను. ఆయన కూడా రాణితోనే మాట్లాడారు.

నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు పలక వేసి, సంచిలోంచి కట్ట తీశాను. ఆయన కూర్చునే చోటే కూర్చున్నాను. అక్కడినుంచి చూస్తే వంటగది గడప, తెర, తెర కింద ఒక మనిషి పాదాలు నిలబడేంత జాగా స్పష్టంగా కనబడతాయి. ఏడు వరసలు వేశాను. ముక్కలు తలకిందులుగా కాకుండా తిన్నగా కనబడుతుంటే కొత్తగా ఉంది. పడలేదు. మళ్ళీ కలిపి వేశాను. మూడో ఆటలో ఇస్పేటు కుప్ప నాలుగు దగ్గర ఆగింది. కళావరు ఐదు ఒక వరస చివరికి వచ్చింది.

ఇప్పుడు నాకు ఆట తెలుసు. అయినా తీసి ఇస్పేటు నాలుగు మీద పెట్టి, చెయ్యి వదిలాను.

ఫోనులోలా అది వెనక్కి రాలేదు. అక్కడే ఉంది, కొంచెం వంకరగా. ఇస్పేటు ఐదు ఇంకా ఏ వరస కిందో బోర్లా ఉంది.